పోయడం నేర్పారు, అచ్చు విప్పడం ఎవరు నేర్పుతారు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అచ్చులో పోస్తే గట్టిపడే రెజిన్ అనే ద్రవంతో కీచైన్లు, పూజా పళ్లేలు, గోడ గడియారాలు, పెళ్లి దండలను భద్రపరిచే ఫలకాలు తయారుచేస్తూ ఇంటిపట్టునే నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్న మహిళల గురించి మీ జిల్లా అనుబంధంలో తరచుగా కథనాలు వస్తున్నాయి. వాటిని చదివి హనుమకొండ, కాజీపేటలలోనే కాక జనగామ, కరీంనగర్, మంచిర్యాల వంటి పట్టణాలలో కూడా ఎందరో రెజిన్ సీసాలు, సిలికాన్ అచ్చులు కొనుక్కొని పని మొదలుపెడుతున్నారు. ఆ కథనాల పట్ల నాకు ఆక్షేపణ ఏమీ లేదు. అయితే వాటిలోనూ, ఈ పని నేర్పే శిక్షణ తరగతులలోనూ ఒక ముఖ్యమైన ఘట్టం మాత్రం ఎప్పుడూ కనిపించదు. పోసిన వస్తువును చెడిపోకుండా, అచ్చు చిరగకుండా బయటికి తీయడం ఎలాగన్నదే ఆ ఘట్టం. ఈ పనిలో పెట్టుబడి పోయేది ఎక్కువగా అక్కడే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఐటీఐలో ఫౌండ్రీ (లోహాల పోతపని) ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇసుక అచ్చులు, ఇత్తడి పోతలు, అల్యూమినియం పోతలు నా జీవనాధారం. అందువల్ల అచ్చు అనే మాట వినిపిస్తే చాలు, మా కాలనీలోని వాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. "సార్, నిన్న పోసిన ట్రే వస్తలేదు, గుంజితే అచ్చే చినిగేటట్టున్నది" అంటూ సంచిలోంచి సిలికాన్ అచ్చును తీసి బల్ల మీద పెడతారు. ఇలా వచ్చేవారిలో చాలామంది దగ్గర శిక్షణ పూర్తిచేసినట్టు ధ్రువపత్రం కూడా ఉంటుంది.

కారణం చాలా మామూలుది. శిక్షణ జరిగేది ఒక్క రోజు. రెజిన్ గట్టిపడటానికి పట్టేది కూడా కనీసం ఒక రోజు. పొద్దున మొదలైన తరగతిలో రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్‌ను కొలిచి కలపడం, రంగు వేయడం, బుడగలు పోగొట్టడం, అచ్చు నింపడం పూర్తయ్యేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి అచ్చులో ఉన్నది ఇంకా బంకే. అందుకని శిక్షకులు ముందే తయారుచేసి తెచ్చిన వస్తువును అచ్చులో కూర్చోబెట్టి, అందరి ముందూ తీసి చూపిస్తారు. అప్పటికే ఒకసారి విడిపోయిన వస్తువు రెండు వేళ్లతో వచ్చేస్తుంది, చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. తాము పోసిన అచ్చును ఇంటికి తీసుకెళ్లి విప్పే వేళకు పక్కన చెప్పేవారు ఉండరు. రెండు రోజుల శిక్షణ అని ప్రకటించిన చోట కూడా రెండో రోజంతా మరో కొత్త వస్తువు పోయడంతోనే గడిచిపోవడం నేను చూశాను.

ఈ పనిలో వాడే రెజిన్ ఎపాక్సీ రకానిది, దాని స్వభావం తెలిస్తే ఈ లోపం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇంట్లో విరిగిన పింగాణీని అతికించే రెండు ట్యూబుల ఆరల్డైట్, నీళ్ల పైపు కారితే పెట్టే ఎం-సీల్ ముద్ద ఈ కుటుంబానికి చెందినవే. అంటే చెక్కను, ఇనుమును, గాజును, సిమెంటును పట్టుకొని వదలని జిగురును తెచ్చి అచ్చులో పోసి, అది అంటకుండా రావాలని మనం ఆశిస్తున్నాం. సిలికాన్‌ను గాని, పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లను గాని ఎపాక్సీ పట్టుకోలేదు కాబట్టే ఈ కళ సాధ్యమైంది. అచ్చు లేదు కదా అని స్టీలు గిన్నెలోనో గాజు పళ్లెంలోనో పోసినవారికి ఆ గిన్నె, ఆ పళ్లెం రెండూ దక్కవు. చెక్క, రెజిన్ కలిపి టేబుళ్లు చేసే వడ్రంగులు ప్లైవుడ్ చట్రం లోపలంతా గోధుమరంగు ప్యాకింగ్ టేపు అతికించేది కూడా ఇందుకే. ఆ టేపు పాలీప్రొపిలీన్.

పోతపని చేసినవాడిగా నాకు ఆసక్తి కలిగించే విషయం ఇంకొకటి ఉంది. కరిగిన ఇత్తడి గట్టిపడి చల్లబడేటప్పుడు పొడవులో సుమారు 1.5 శాతం కుదించుకుపోతుంది. అందుకే నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేస్తాం. ఫైబర్ బొమ్మలకు వాడే పాలిస్టర్ రెజిన్ ఇంకా ఎక్కువగా, పరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుదించుకొని అచ్చు గోడను దానంతట అదే వదిలేస్తుంది. ఎపాక్సీలో ఈ కుదింపు చాలా తక్కువ. దానివల్ల కొలతలు చెడకపోవడం లాభమే గాని, వస్తువు అచ్చు గోడను అదుముకొని కూర్చుంటుంది, మధ్యలోకి గాలి పోయే సందు ఉండదు. నా దగ్గరికి వచ్చే అచ్చులలో నిజంగా అతుక్కున్నవి కొన్నే. మిగతావాటిలో గాలి చొరక బిగుసుకుపోవడమే తప్ప అంటుకోవడం ఉండదు, కానీ లాగేవారికి రెండూ ఒకేలా అనిపిస్తాయి.

కాబట్టి లాగడానికి ముందు గాలిని లోపలికి పంపాలి. అచ్చును బల్ల మీద ఉంచి, పై అంచును బొటనవేలితో బయటికి వంచుతూ చుట్టూ ఒకసారి రావాలి. పలుచని, కొంచెం పారదర్శకమైన సిలికాన్ అయితే పని జరుగుతున్నదీ లేనిదీ కంటికే తెలుస్తుంది. వస్తువును అంటి ఉన్నంత మేరా అచ్చు ముదురు రంగులో, తడిసినట్టు కనిపిస్తుంది. విడిపోయిన చోట వెండి పూసినట్టు తెల్లబారుతుంది. ఆ తెలుపు గాలి పొర. రెండో చుట్టులో అది పక్క గోడల మీదుగా అడుగు వైపు పాకుతుంది. అడుగు మధ్య భాగం ఇంకా ముదురుగానే ఉంటే అచ్చును తిరగవేసి, అక్కడ బొటనవేళ్లతో మెల్లగా ఒత్తాలి. మొత్తం తెల్లబడిన తర్వాత వస్తువును కదలనీయకుండా బల్లకు ఆనించి పట్టుకొని, దాని మీదినుంచి అచ్చును వెనక్కి ఒలవాలి. వస్తువును పట్టుకొని అచ్చులోంచి లాగేవారి పలుచని పళ్లేలే వంకరపోతాయి, అచ్చు మూలలే చిరుగుతాయి. మొరాయించిన చోట ఆ సందులో రెండు చుక్కల సబ్బు నీళ్లు వేస్తే చాలు. కత్తి, స్క్రూడ్రైవర్ అచ్చు దరిదాపులకు రాకూడదు, ఎందుకంటే సిలికాన్ లోపలి గోడ మీద పడ్డ ప్రతి గీతా ఆ తర్వాత పోసే ప్రతి వస్తువు మీదా అచ్చుపడుతుంది.

కాసేపు ఫ్రీజర్‌లో పెట్టమని వీడియోలలో చెప్పే చిట్కా అబద్ధం కాదు. చల్లదనానికి మెత్తని రెజిన్ బిరుసెక్కి, పట్టు వదులుతుంది. అయితే పాలు, కూరగాయలు ఉండే ఫ్రిజ్‌లో సగం గట్టిపడ్డ రసాయనాన్ని పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు. అచ్చును పాలిథీన్ సంచిలో చుట్టి, మంచు ముక్కలు వేసిన నీళ్ల బేసిన్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచినా అదే ఫలితం వస్తుంది.

ఇక సమయం సంగతి. సీసా మీద 24 గంటల తర్వాత తీయవచ్చునని, 72 గంటలకు పూర్తిగా గట్టిపడుతుందని రాసి ఉంటుంది. సాధారణంగా ఆ అంకెలు 25 డిగ్రీల లోపు ఉండే గదికి వర్తిస్తాయి. మన దగ్గర మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉంటుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. డిసెంబరు, జనవరి రాత్రులలో ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాలలో 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది, 10 డిగ్రీలు తగ్గితే సగమవుతుంది. చలికాలంలో ఆసిఫాబాద్‌లో పోసిన ట్రే మరునాటికి రబ్బరులా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అలాంటిదాన్ని బలవంతంగా తీస్తే వేలిముద్రలు పడతాయి, అంచులు సాగుతాయి. చలికి రెజిన్ సీసాలోనే తెల్లని గింజ కట్టడం కూడా మామూలే; సీసా మూత బిగించి వేడినీళ్లలో కాసేపు ఉంచితే అది మళ్లీ తేటపడుతుంది, పారబోయనక్కర లేదు. ఎండాకాలపు చిక్కు వేరు. అప్పుడు రెజిన్ కలిపే కప్పులోనే ఒక్కసారిగా వేడెక్కి పొగలు కక్కవచ్చు. గట్టిపడిన వస్తువు కూడా వెచ్చగా ఉన్నంతసేపు వంగుతుంది, ఎందుకంటే మార్కెట్లో దొరికే ఆర్ట్ రెజిన్‌లలో చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడే గుణం ఉంది. పొయ్యి దించిన ఇడ్లీలను కాస్త చల్లారనిచ్చి గరిటె పెట్టినట్టే, మే నెల మధ్యాహ్నం పూట అచ్చు ముట్టుకోకుండా తెల్లవారుజామున విప్పడం మేలు. అప్పటికే వంగిపోయిన ట్రే ఉంటే దాన్ని వేడినీళ్లలో ముంచి, రెండు చదునైన పలకల మధ్య బరువు పెట్టి చల్లారనిస్తే చాలావరకు సరవుతుంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: ఒకే గిన్నెలో కలిపిన రెజిన్ దళసరి పేపర్‌వెయిట్‌లో ముందు గట్టిపడుతుంది, పలుచని కీచైన్‌లో ఆలస్యంగా గట్టిపడుతుంది. ఈ చర్యకు కావలసిన వేడిని రెజినే పుట్టిస్తుంది, పలుచని పొరలో ఆ వేడి నిలవదు. చిన్న వస్తువు కదా అని కీచైన్‌నే ముందు విప్పడం సరిగ్గా తలకిందులు పని. గ్లోవ్ తొడిగిన గోటితో అంచున గట్టిగా నొక్కితే గుర్తు పడకూడదు. పడిందంటే గడియారం ఏం చెప్పినా ఆగవలసిందే.

ఎన్ని రోజులు ఆగినా బంక పోని వస్తువులు కూడా నా దగ్గరికి వస్తాయి. అది అచ్చు తప్పు కాదు, కొలత తప్పు. రెజిన్ నీటికంటే కొంచెం బరువైనది, హార్డ్‌నర్ సాధారణంగా రెజిన్‌కంటే తేలిక. అందువల్ల కొలపాత్రతో రెండు పాళ్లకు ఒక పాలు కలపమన్న రెజిన్‌ను తూకం వేసి అదే లెక్కన కలిపితే హార్డ్‌నర్ ఎక్కువవుతుంది. మరికొందరు త్వరగా గట్టిపడాలని తెలిసే ఎక్కువ పోస్తారు. ఫైబర్ పనిలో క్యాటలిస్టు చుక్కలు కొంత పెంచితే వేగం పెరుగుతుంది కాబట్టి ఆ అలవాటు ఇక్కడికి పాకింది. ఎపాక్సీలో హార్డ్‌నర్ వేగం పెంచే చుక్క కాదు, రెజిన్‌తో జతకట్టి వస్తువులో భాగమయ్యే ముడిసరుకు. జత దొరకకుండా మిగిలిపోయినది ఎప్పటికీ బంకగానే ఉంటుంది. కప్పు గోడలకు, అడుగుకు అంటిన కలవని ద్రవాన్ని గీకి అచ్చులో వేయడం వల్ల కూడా వస్తువు మీద అక్కడక్కడ జిగట మచ్చలు మిగులుతాయి. అలాంటి జిగట అచ్చులో ఉండిపోతే థిన్నర్, అసిటోన్ పోసి రుద్దకూడదు, సరిగ్గా కలిపిన రెజిన్‌ను కొంచెం అందులో పోసి గట్టిపడనిస్తే ఆ మురికిని అది తనతోపాటు పట్టుకొని వస్తుంది.

వస్తువు ఆకారం కూడా ముఖ్యమే. మన ప్రాంతంలో ఎక్కువగా అడిగే రెండు ఆకారాలనే తీసుకుందాం. బతుకమ్మ అడుగున వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక అడుగు వైపు నోరు పెట్టిన అచ్చులోంచి దానంతట అదే జారివస్తుంది. ఫౌండ్రీలో మేము నమూనాకు కష్టపడి ఇచ్చే వాలు దానికి సహజంగానే ఉంది. కాకతీయుల తోరణం అలా కాదు. రెండు వైపులా నిటారు స్తంభాలు, వాటి మధ్య ఖాళీ, బయటికి పొడుచుకువచ్చే పైదూలం కొసలు. నిలబెట్టి పోసిన తోరణాన్ని తీసేటప్పుడు దూలం కొస విరగడమో, స్తంభాల మధ్య ఉన్న సిలికాన్ నాలుక తెగడమో జరుగుతుంది. తోరణాన్ని పడుకోబెట్టి ఒకవైపే చెక్కడం ఉండేలా పోయాలి, లేదా అచ్చుకు ఒక పక్క వంకర గీతగా కోత పెట్టి, పోసేటప్పుడు రబ్బరు బ్యాండ్లతో బిగించుకోవాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు చేసే డోక్రా పోతకు ఈ బాధ లేదు. మైనం కరిగిపోయిన చోట ఇత్తడి నిండాక వారు మట్టి అచ్చును పగలగొట్టి బొమ్మను తీస్తారు, ఒక్కో అచ్చు ఒక్క బొమ్మకే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనంలో ఎన్ని వంపులున్నా చెల్లుతుంది. వందలు పోసి కొన్న సిలికాన్ అచ్చును మనం అలా పగలగొట్టలేం.

బతుకమ్మ రోజులలో తంగేడు, గునుగు, బంతి పూలను రెజిన్‌లో నిలిపి ఇమ్మని ఆర్డర్లు వస్తాయి. వానలు ఇంకా పూర్తిగా వెళ్లని కాలమది. పువ్వులో తడి ఉంటే దాని చుట్టూ రెజిన్ మెత్తగా ఉండిపోతుంది, అచ్చు ఒలిచేటప్పుడు రేకుతోపాటు చీలుతుంది. తేమను పీల్చే సిలికా జెల్ గింజలలో పూర్తిగా ఆరబెట్టిన పువ్వునే వాడాలి. గాలిలో తేమ వల్ల పైన మైనంలాంటి పొర కూడా ఏర్పడుతుంది. దాన్ని చూసి రెజిన్ పాడైందని భయపడనక్కర లేదు, గోరువెచ్చని సబ్బు నీటితో కడిగితే పోతుంది. కడగకుండా దాని మీద రెండో పొర పోస్తే మాత్రం పట్టదు.

అచ్చుకు కూడా ఆయుష్షు ఉంటుంది. వాడేకొద్దీ రెజిన్ సిలికాన్‌ను మెల్లగా తింటుంది, మెరుపు తగ్గుతుంది, ఆ తర్వాత అంటడం మొదలవుతుంది. వస్తువు మెరుపు లేకుండా, మసకగా వస్తున్నదంటే అచ్చు మార్చే రోజు దగ్గరపడినట్టే. అంటకుండా కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్త సిలికాన్‌కు దాని అవసరమే లేదు, పైగా మెరుపు పోయి జిడ్డు మరకలు మిగులుతాయి, తర్వాత వేసే బంగారు రంగు నిలవదు. సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మడత పడకుండా చదునుగా ఎండ తగలని చోట పెట్టడమే అచ్చుకు చేయదగిన సేవ.

చేతుల గురించి కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. పోసేటప్పుడు గ్లోవ్స్ వేసుకునేవారు కూడా గట్టిపడింది కదా అని తీసేటప్పుడు వాటిని విప్పేస్తారు. సగం గట్టిపడ్డ రెజిన్‌లో చర్య జరగని రసాయనం ఇంకా మిగిలే ఉంటుంది. అది చర్మానికి పదే పదే తగిలితే కొందరిలో ఎలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టిన ఈ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. ఆపైన కొంచెం తగిలినా వేళ్ల సందులలో దురద, పొక్కులు లేస్తాయి, చివరికి ఈ పనే మానుకోవలసి వస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ వాడాలి. చేతికి అంటినదాన్ని అసిటోన్‌తో తుడిస్తే రసాయనం చర్మంలోకి మరింత ఇంకుతుంది, సబ్బు నీళ్లతోనే కడగాలి. అచ్చు గోడ వెంట పైకి పాకి గట్టిపడిన అంచు బ్లేడులా కోస్తుంది కనుక దాన్ని ఆకురాయితోనో గరుకు కాగితంతోనో నున్నగా చేయాలి, అదీ నీళ్లతో తడుపుతూ, ముక్కుకు మాస్కు కట్టుకొని. పిల్లలు చదువుకునే గదిలో ఆ దుమ్ము లేపడం తగదు.

ఈ వివరాలలో కొత్తగా కనిపెట్టినది ఏదీ లేదు. ఇవి తయారీదారుల కాగితాలలో ఇంగ్లీషులో ఉండేవే. ప్యాకెట్ సరుకుల మీద ఉండవలసిన ప్రకటనలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి, వాటికి తోడుగా ప్రాంతీయ భాషలో ముద్రించవద్దని ఎక్కడా చెప్పలేదు. కొలపాత్రతో కలపాలా, తూకంతో కలపాలా, 15 డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు ఆగాలి, 40 డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు, ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక చిన్న చీటీగా వేయడానికి అమ్మేవారికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. నాసిరకం రెజిన్ అమ్మి, గట్టిపడలేదంటే మీరు కలపడం రాక పాడుచేశారని పంపించేసే దుకాణాలు కూడా ఉన్నాయి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి సరుకు కొన్నవారు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే. వారు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. రసీదు మాత్రం తప్పక తీసుకోవాలి.

శిక్షణ ఇచ్చే సంస్థలకు నా విన్నపం ఒక్కటే. తరగతిని రెండు రోజులు పక్కపక్కనే పెట్టకుండా, మొదటి సమావేశానికి మూడు రోజుల తర్వాత రెండో సమావేశం పెట్టండి. ఎవరు పోసిన అచ్చును వారే తెచ్చుకొని అక్కడ విప్పేలా చేయండి. రానివి, వంగినవి, బంకగా మిగిలినవి అందరి ముందూ బల్ల మీదికి వస్తే అవి ఎందుకు అలా అయ్యాయో అక్కడికక్కడే తెలుస్తుంది. మహిళా సంఘాలకు శిక్షణ ఏర్పాటు చేసే అధికారులు ఈ షరతును ఒప్పందంలోనే రాయవచ్చు. మీ పత్రిక కూడా ఈసారి రెజిన్ కళ గురించి కథనం వేసేటప్పుడు నెలకు ఎంత వస్తుందన్నదానితోపాటు ఎన్ని వస్తువులు అచ్చులోనే పాడవుతున్నాయో కూడా ఆ మహిళలను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. బతుకమ్మ ఆర్డర్లు పండుగకు చాలా ముందే మొదలవుతాయి కనుక ఈ మార్పు ఆలోపే జరిగితే బాగుంటుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏ శిక్షణ కేంద్రమైనా ఆ రెండో సమావేశానికి పిలిస్తే ఎలాంటి ప్రతిఫలం లేకుండా వచ్చి అచ్చు విప్పడం చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
హనుమకొండ